జాబితాలో ఆరో పేరు

నేను ఒక వైఫై రౌటర్ని. ఏలూరులో ఒక ఇంటి హాల్లో, టీవీకి పైన, రెండు మేకుల మీద నాలుగేళ్లు ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను రౌటర్ అని ఎవరూ అనలేదు. డబ్బా అన్నారు. నెట్ వచ్చినన్నాళ్లూ నా ఊసెత్తేవారు కాదు. రాకపోతే వచ్చి ఒకసారి ఆపి, మళ్లీ వేసేవారు.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో తయారయ్యాను. నన్ను బిగించిన అమ్మాయి నా అడుగున ఒక కాగితం అంటించింది. దాని మీద నా పేరూ పాస్‌వర్డూ అచ్చువేసి ఉన్నాయి. కాపలావాడి వీపుకే తాళంచెవి కట్టి పంపడం మనుషుల పద్ధతి. మొదట ఒక కోచింగ్ హాస్టల్లో పనిచేశాను. అక్కడ నూటపది మంది పిల్లలకు పాస్‌వర్డు తెలుసు, వార్డెనుకు తెలియదు. మూడు నెలలకు హాస్టల్ మూసేశారు. కేబుల్ ఆపరేటర్ నన్ను తుడిచి, కొత్తదని చెప్పి పూర్ణచంద్రరావు ఇంట్లో బిగించాడు.

పూర్ణచంద్రరావు నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. టెండర్ల ఫైళ్లు లాప్‌టాప్‌లో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. తేకూడదు. ఆయన భార్య హైమావతి. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు ఇచ్చేది, తర్వాత నా పాస్‌వర్డు చెప్పేది. వచ్చినవాళ్లు అడిగేదాకా ఆగడం ఆమెకు మర్యాదగా తోచేది కాదు.

మేడ మీద వాటాలో ఏసుపాదం అద్దెకుండేవాడు. పవర్‌పేట రైలు గేటు దగ్గర అతనికి ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. దిగిన రోజు హైమావతి అతనికీ పాస్‌వర్డు చెప్పింది. వారం వాడుకుని, సొంత కనెక్షను పెట్టించుకుని, మీది తీసేశానమ్మా అని కిందికొచ్చి చెప్పి వెళ్లాడు. నిజంగానే తీసేశాడు. ఆ తర్వాత అతని ఫోను నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.

జూన్‌లో పూర్ణచంద్రరావు ఆఫీసులో సైబర్ నేరాల మీద సదస్సు పెట్టారు. మీ వైఫైలో ఎవరెవరున్నారో ఎప్పుడైనా చూశారా అని అక్కడ ఎవరో అడిగారట. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఫోనులో నా జాబితా తెరిచాడు. ఆరు పేర్లున్నాయి. తన ఫోను, హైమావతి ఫోను, ప్రవచనాలు వినే పాత ఫోను, లాప్‌టాప్, టీవీ. ఆరోది పేరు కాదు. ఈఎస్‌పీ అని మూడు అక్షరాలు, పక్కన 7431 అని అంకెలు.

ఆయన లేచి వీధి తలుపు గడియ పెట్టాడు. హ్యాకర్ తలుపులోంచి రాడు. కానీ మనిషికి భయం వేస్తే చెయ్యి ముందు గడియ మీదకే పోతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్దామని బయల్దేరి ఇంటి గేటు దగ్గర ఆగాడు. లాప్‌టాప్‌లో ఏమున్నాయని వాళ్లు అడిగితే టెండరు ఫైళ్ల సంగతి చెప్పాలి. వెనక్కి వచ్చి నా పాస్‌వర్డు మార్చాడు. పద్నాలుగు అక్షరాలు, అంకెలు, మధ్యలో రెండు నక్షత్రాలు. ఆరో పేరు జాబితాలోంచి పోయింది. ఆయన టీ తాగాడు. తర్వాత, వచ్చే చుట్టాలు ఇబ్బంది పడకూడదని, కొత్త పాస్‌వర్డును కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు.

మర్నాడు ఉదయం ట్యాంకులో నీళ్లు లేవు. ఆయన బకెట్ నీళ్లతో స్నానం కానిచ్చి ఆఫీసుకు వెళ్లాడు. పది గంటలకు హైమావతి ఎలక్ట్రీషియన్ నూకరాజును పిలిచింది. ట్యాంకు పొంగి పక్కింట్లోకి నీళ్లు పోతున్నాయని తగాదా వస్తే, ఫిబ్రవరిలో బోరు మోటారుకు ఆటోమేటిక్ స్విచ్చి పెట్టింది అతనే. ఆ స్విచ్చి నా మీదుగా టైము తెలుసుకుని ఆరింటికి మోటారు వేస్తుంది. దాని పేరే ఈఎస్‌పీ 7431.

ఆ స్విచ్చి కొన్నది పూర్ణచంద్రరావే. అది కరెంటుతో నడుస్తుందనుకున్నాడు. నాతో కూడా నడుస్తుందని ఆయనకు తట్టలేదు. నాకు తెలుసు. నాకు నోరు లేదు, నాలుగు లైట్లున్నాయి. అవి ఏం జరిగినా పచ్చగానే వెలుగుతాయి.

నూకరాజు చూసి, నంబరు మార్చారా అమ్మగారూ అని అడిగాడు. హైమావతి గ్రూపు తెరిచి పద్నాలుగు అక్షరాలూ చదివింది. అతను స్విచ్చికి కొత్త పాస్‌వర్డు ఎక్కించి, మోటారు వేసి చూపించి, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

సాయంత్రం పూర్ణచంద్రరావు జాబితా తెరిచాడు. ఆరో పేరు తిరిగి వచ్చి ఉంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డును ఒక్క రోజులో ఛేదించినవాడు మామూలువాడు కాడు. అలాంటి పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఎవడు? ఆయన కళ్లు పైకప్పు మీదకు పోయాయి. ఇక అక్కడినుంచి ప్రతిదీ సాక్ష్యమే. ఏసుపాదం మెట్లు చప్పుడు కాకుండా దిగుతాడు. పలకరిస్తే ఫోను జేబులో పెట్టేసి మాట్లాడతాడు. మన నెట్ ఊరికే వస్తుంటే సొంతది పెట్టుకున్నాడు, ఎందుకు పెట్టుకున్నట్టు? ఇన్నాళ్లూ మర్యాద అనుకున్నవన్నీ ఆ సాయంత్రం ఎత్తుగడలయ్యాయి.

ఎదురుగా అడగలేదు. ఫోన్లు ఇచ్చేటప్పుడు కాస్త జాగ్రత్త, అంతకంటే నేను చెప్పను అని పవర్‌పేట గేటు దగ్గర టీ బండి నాగభూషణంతో అన్నాడట. అంతకంటే చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఫోను షాపుకు వచ్చేవాళ్లు పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, బ్యాంకు మెసేజీలు అన్నీ లోపలే ఉంచి ఫోను ఇచ్చి వెళ్తారు. ఆ వ్యాపారానికి పెట్టుబడి స్క్రూడ్రైవరు కాదు, పేరు. పది రోజుల్లో ఆ పేరు పోయింది.

ఆదివారం ఉదయం ఏసుపాదం కిందికి వచ్చాడు. నా ఎదురుగానే నిలబడ్డాడు. నిన్న ముగ్గురు తమ ఫోన్లు బాగుచేయకుండానే వెనక్కి తీసుకెళ్లారని, వాళ్లలో నాగభూషణం ఒకడని, కారణం అడిగితే మీ ఓనరునే అడుగు అన్నాడని చెప్పాడు.

పూర్ణచంద్రరావు ఫోను తెరిచి ఆరో పేరు చూపించాడు. "ఇదెవరిదో నువ్వే చెప్పవయ్యా. ఫోన్ల సంగతి తెలిసినవాడివి."

"నాకు తెలీదు సార్. తేల్చుకుందాం. నేను దేన్నీ ముట్టుకోను, మీరే ఒక్కొక్కటీ ఆపండి. ఏది ఆపితే ఆ పేరు పోతుందో, దానిదే."

ముందు ఏసుపాదమే తన ఫోనూ, తన భార్య ఫోనూ ఆపి బల్ల మీద పెట్టాడు. ఆరో పేరు పోలేదు. పూర్ణచంద్రరావు టీవీ ఆపాడు, లాప్‌టాప్ ఆపాడు, హైమావతి ఫోనూ పాత ఫోనూ ఆపాడు. ఒక్కొక్క పేరే రాలుతోంది. ఆరోది అలాగే ఉంది. ఆయన మేడ మీద ఇంకో ఫోనుందేమో అన్నాడు. వెళ్లి వెతుక్కోండి సార్ అని ఏసుపాదం తాళంచెవి ఇచ్చాడు. ఆయన దాన్ని అందుకున్నాడు కూడా.

అప్పుడు వంటింట్లోంచి హైమావతి వచ్చింది. "మోటారు దగ్గర నూకరాజు పెట్టిన డబ్బా ఒకటుంది కదండీ. అది ఆపలేదేం?"

వెళ్లి ఆ స్విచ్చికి కరెంటు తీశారు. నిమిషం పట్టింది. ఆరో పేరు పోయింది.

పూర్ణచంద్రరావుకు కోపం వచ్చింది. ఏసుపాదం వైపు చూడలేక దాన్ని భార్య వైపు తిప్పాడు. "ఆ నూకరాజుకు పాస్‌వర్డు ఇచ్చినట్టు నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"మంచినీళ్లడిగాడు, ఇచ్చాను. నంబరడిగాడు, ఇచ్చాను. మంచినీళ్లిచ్చానని చెప్పానా మీకు? మీరు నన్నడిగారా, ఊరంతా అడిగారు గానీ."

పూర్ణచంద్రరావు, పోనీలేవయ్యా, తేలిపోయిందిగా అన్నాడు. ఏసుపాదం బల్ల మీది ఫోన్లూ, ఆయన చేతిలోని తాళంచెవీ తీసుకున్నాడు.

"ఇంట్లో తేలింది సార్. గేటు దగ్గర ఎవరు తేలుస్తారు?"

నేనే చెబుతాను అందరికీ అని పూర్ణచంద్రరావు మాటిచ్చాడు. ఆ వారం రోజూ టీ బండి దగ్గరికి వెళ్లాడు. ఒకరోజు వానల గురించి మాట్లాడానని, ఒకరోజు నాగభూషణం కొడుకు చదువు గురించి మాట్లాడానని వచ్చి భార్యతో చెప్పాడు. అసలు మాట చెప్పారా అని ఆమె అడిగేది. సందర్భం రాలేదు అనేవాడు. సొంత మోటారును చూసి పదిహేను రోజులు గడియ పెట్టుకున్నానని చెప్పడానికి సందర్భం ఎప్పుడొస్తుంది? వారం చివర ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ గొడవంతా ఈ డబ్బా వల్లే వచ్చిందన్నాడు. నన్ను మేకుల మీంచి దింపి కొత్తదాన్ని బిగించాడు.

హైమావతి నన్ను పాత పేపర్లో చుట్టి సంచిలో వేసుకుని, సాయంత్రం ఐదింటికి పవర్‌పేట గేటుకు నడిచింది. టీ బండి దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. ఎదురుగా షాపులో ఏసుపాదం ఒక్కడే ఉన్నాడు. కౌంటరు మీద ఒక్క ఫోనూ లేదు. ఆమె నన్ను పక్కన పెట్టి, తన ఫోను తీసి ఇచ్చింది. అద్దం మూలన చిన్న చీలిక ఉంది. అది రెండేళ్లుగా ఉంది.

లాకు మీరే తియ్యండమ్మా అని అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నువ్వే తియ్యి తమ్ముడూ. నేను చెబుతాను." ఆ తర్వాత నాలుగు అంకెలూ చెప్పింది. మామూలుగా ఆమె గొంతు వంటింటి గుమ్మం దాటదు. ఆ అంకెలు రోడ్డు దాటాయి. అక్కడ గ్లాసుల చప్పుడు ఆగింది.

కాపలా కాసి బతికినదాన్ని. ఇలాంటి అంకెలు బయటికి చెప్పకూడదని నేను అనాలి. అనను.

అద్దం మార్చడానికి గంట పట్టింది. ఆమె ఆ గంటా రోడ్డుకు కనబడేలా స్టూలు మీద కూర్చుంది. ఫోను ఒక్కసారి కూడా అడగలేదు.

నేనిప్పుడు ఆ షాపు కింది అరలో, పాత చార్జర్ల మధ్య ఉన్నాను. లైట్లు లేవు. నా దగ్గర ఎవరి జాబితా లేదు. హైమావతి మర్నాడు మళ్లీ వచ్చింది, పాత ఫోనుతో. ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ రాలేదు. నిన్న నాగభూషణం టీ పట్టుకుని తనే వచ్చాడు. గ్లాసు కౌంటరు మీద పెట్టాడు గానీ వెంటనే వెళ్లలేదు. ఏసుపాదం బల్ల మీద విప్పి ఉన్న పాత ఫోను వంక చూస్తూ నిలబడ్డాడు. ఒక చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. జేబులో ఫోనుంది.

ఏసుపాదం తలెత్తలేదు. టీ తాగుతూ పని చేసుకున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. నాగభూషణం ఇంకా అక్కడే ఉన్నాడు.