సీసం కరిగిన పెరడు

నేను ఒక సీసపు దిమ్మను. ఇప్పటికి ఎన్ని బ్యాటరీల్లో పలకనై ఉన్నానో, ఎన్నిసార్లు కరిగి మళ్లీ గడ్డకట్టానో నాకే గుర్తులేదు. మనుషులకున్న ముసలితనం నాకు లేదు. పగలగొట్టి కరిగిస్తే చాలు, మళ్లీ పుట్టినట్టే. పారేయనక్కరలేని లోహమని నన్ను సభల్లో మెచ్చుకుంటారు. ఆ మెప్పులో అబద్ధం లేదు. కాకపోతే నన్ను కరిగించిన ఇంటికి ఆ సభల వాళ్లెవరూ రాలేదు.

ఆ ఇల్లు గుంటూరు శివారులో నాగుల్‌మీరాది. ఒక కల్యాణమండపం ఇన్వర్టర్ బ్యాటరీలో నా పని అయిపోయాక, పాత సామాన్ల కొట్టు నుంచి అతను నన్ను రిక్షాలో వేసుకొచ్చాడు. గొడ్డలితో పెట్టె పగలగొట్టి, లోపలి ఆసిడ్ పెరటి కాలవలోకి వంచాడు. అతని భార్య కాశింబీ కొంగు ముక్కుకు చుట్టుకుని పలకలు ఒక పక్కకు, ప్లాస్టిక్ ఒక పక్కకు తీసింది. గొయ్యి తవ్వి ఇటుకలు పేర్చిన కొలిమి అది. గాలికి ఒక చిన్న ఫ్యాను. బొగ్గు రాజుకున్నాక నన్ను అందులో వేశారు. పొగ లేచి ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందె మీద, పిల్ల తింటున్న అన్నం మీద వాలింది. ఆ పొగలో ఉన్నదీ నేనే.

కరిగినప్పుడల్లా నేను చీలిపోతాను. పెద్ద భాగం అచ్చులోకి దిగి దిమ్మవుతుంది. చిటికెడంత దుమ్మై ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ చిటికెడు, వాళ్ల కూతురు రజియాలోకి చేరింది.

రజియాకు నాలుగేళ్లు. మాటల పుట్ట. కోడి గుడ్డు పెడితే కోడికంటే ముందు తనే వీధంతా చాటేది. చల్లారిన దిమ్మల మీద కూర్చుని, బూడిదలో బొమ్మలు గీసి, ఆ వేలే నోట్లో పెట్టుకునేది.

ఎండలు ముదిరేసరికి కడుపునొప్పి అంది. నులిపురుగులని మందు వేశారు. తిన్నదంతా కక్కితే దర్గాలో తాయెత్తు కట్టించారు. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ముందు పాటలు పోయాయి, ఆ వెనక పేర్లు. ఒకరోజు గుమ్మంలో కోడిని చూపించి "అమ్మా, అదీ... అదీ..." అని ఆగిపోయింది. కాశింబీ చేతిలోని సీసపు పలక పక్కన పెట్టి కొలిమి దగ్గరున్న మొగుడి దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, పిల్లకి మాట తడబడతంది. ఈ పొగ వల్లేమో."

"పొగకేం? మా నాయన జీవితమంతా ఈ పనే చేశాడు. ఆయనకేమైంది?"

"చేతులు వణికేయిగా. ఆఖర్న అన్నం ముద్ద నేనేగా నోట్లో పెట్టింది. మర్చిపోయావా?"

నాగుల్‌మీరా వెళ్లి కొలిమి ఫ్యాను స్విచ్చి వేశాడు. చెడ్డవాడు కాదు. ఇంకో పని రాదు, అంతే.

ఆ వారంలోనే రజియాకు ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తారు. పిల్లలో నేనూ ఉన్నాను కనుక నేనూ వెళ్లాను. డాక్టరమ్మ పిల్లను చూసి, ఏం పని చేస్తారని అడిగింది.

"పాత ఇనుం యాపారం" అన్నాడు నాగుల్‌మీరా.

"సీసం కరగబెడతాం మేడం, ఇంటెనకే" అంది కాశింబీ, మొగుడి వైపు చూడకుండా.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. "రక్తంలో ఉన్న సీసాన్ని మందులతో కొంత తీస్తాం. ఎముకల్లో దిగినదాన్ని పూర్తిగా తియ్యలేం. మెదడుకు జరిగింది జరిగిపోయింది. పిల్లను మళ్లీ ఆ ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి."

"పోయిన మాటలు వస్తయ్యా మేడం?"

"చూద్దామమ్మా."

కాశింబీకి చదువు రాదు గానీ ఆ జవాబుకు అర్థం తెలుసు. పిల్ల దగ్గర మొగుణ్ణి కూర్చోబెట్టి ఒక్కతే ఇంటికొచ్చింది. గొడ్డలి తీసుకుని కొలిమిని ఇటుక ఇటుకా కూలగొట్టింది. చప్పుడుకు పక్కింటి కరీముల్లా గోడ మీంచి తొంగిచూశాడు.

"అచ్చులు పాడుచెయ్యబాక చెల్లెమ్మా. ఆ ఫ్యానూ అచ్చులూ నాకియ్యరాదూ?"

"నా బిడ్డని చూసి గూడా అడుగుతున్నావా అన్నా? నీకూ పిల్లలున్నారుగా."

"ఉన్నారనేగదమ్మా అడిగేది."

కాశింబీ అచ్చులు వంకర పోయేదాకా కొట్టింది. కరీముల్లా వేరే చోట కొత్తవి కొన్నాడు. నెల తిరక్కుండానే అతని పెరట్లోనూ పొగ లేచింది.

దిమ్మగా మారిన నన్ను అంతకుముందే ఒక పెద్ద ఫ్యాక్టరీకి అమ్మేశారు. అక్కడ నా పొగను గొట్టాల్లోనే పట్టి ఆపేస్తారు. పనివాళ్లకు ముక్కుకు మాస్కులు, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు. ఆ ఇంటికి చేరిన పాత బ్యాటరీలన్నీ తిన్నగా ఇక్కడికే వచ్చి ఉంటే రజియా ఈపాటికి బడిలో పద్యాలు అప్పజెప్పేది. చూడవచ్చిన కాలేజీ పిల్లలకు మేనేజరు నన్ను చేతిలోకి తీసుకుని చూపించాడు. "దీన్ని ఎన్నిసార్లయినా వాడొచ్చు. చెత్త అన్న మాటే ఉండదు" అన్నాడు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఒకమ్మాయి అడిగింది. "మార్కెట్ నుంచి" అని నన్ను కింద పెట్టాడు. మర్నాడు మళ్లీ పలకనయ్యాను.

రజియా ఎముకల్లో ఉన్న నేను మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ సంసారం ఊరికి అవతలి వైపు ఒక గది అద్దెకు తీసుకుంది. నాగుల్‌మీరా మిరపయార్డులో బస్తాలు మోస్తున్నాడు. ఘాటుకు ఎర్రబడిన కళ్లతో ఇల్లు చేరి, స్నానం చేసి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. చేతికందిన వస్తువు చూపించి పేరు అడుగుతాడు. మొన్న చెంబు చూపించాడు.

"ఇదేంది తల్లీ?"

రజియా చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. "అన్నం" అంది.

"కాదమ్మా. చెంబు. చెం... బు."

"అన్నం" అంది మళ్లీ, నాన్నకు నచ్చేది చెప్పానన్నట్టు నవ్వుతూ.

నాగుల్‌మీరా చెంబు అలాగే పట్టుకుని తల వంచుకున్నాడు. పొయ్యి దగ్గర నుంచి కాశింబీ లేచింది. పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చి పిల్ల ముందుంచింది.

"అడిగిందిగదయ్యా. తిననీ" అంది.