ఏడో మెట్టు దగ్గర ఉబ్బు

మిషిగన్‌లోని హార్లో ఊళ్ళో వెల్డ్‌హోఫ్ గిటార్ ఫ్యాక్టరీని మూసెయ్యడానికి కంపెనీవాళ్ళు నవంబరు పదిహేనున ముహూర్తం పెట్టారు. ఎక్కడో కనెక్టికట్‌లో కూర్చుని ముహూర్తాలు పెడితే ఇలాగే ఏడుస్తుంది. నవంబరు పదిహేనంటే లేళ్ళ వేట మొదలయ్యే రోజు. ఆ రోజు హార్లోలో బడికి సెలవు, మంగలిషాపుకి సెలవు, పెళ్ళి ఉన్నా సరే పెళ్ళికొడుకు తుపాకీ భుజాన వేసుకుని అడవిదారి పడతాడు. అందువల్ల నూట ఆరేళ్ళ వారసత్వానికి ఘనంగా వీడ్కోలు చెబుదామని కెమెరాలతో దిగిన ట్రెంట్ ఆల్డ్రిచ్‌కి ఫ్యాక్టరీలో దొరికింది ఇద్దరు మనుషులూ, ఒక పెద్ద కేకూ.

ట్రెంట్ ఉద్యోగం పేరు ముఖ్య వారసత్వ అధికారి. వారసత్వానికి ఒక అధికారిని వేశారంటే దాని పని అయిపోవచ్చిందని లెక్క. వయసు ముప్ఫై నాలుగు. కెమెరా కోసం కొత్త తోలు ఏప్రన్ ఒకటి కట్టుకొచ్చాడు. ఆ ఫ్యాక్టరీ పుట్టినప్పటినుంచీ అందులో ఎవరూ తోలు ఏప్రన్ కట్టిన పాపాన పోలేదు.

"అందరూ ఎక్కడండీ?" అన్నాడు ఖాళీ బల్లలకేసి చూస్తూ.

"అడవిలో" అంది వెర్నా హూక్‌స్ట్రా.

"ఎప్పుడొస్తారు?"

"లేడి దొరికితే సాయంత్రానికి. దొరక్కపోతే నెలాఖరుకి."

వెర్నా ఆ ఫ్యాక్టరీలో ఆఖరి ఇన్‌స్పెక్టరు. తయారైన ప్రతి గిటారూ చివరికి ఆవిడ బల్ల మీదికే వస్తుంది. కళ్ళద్దాలు పైకి నెట్టి, ముందు బొటనవేలితో మెడంతా తడుముతుంది, తర్వాతే కళ్ళతో చూస్తుంది. కళ్ళు మొహమాటపడతాయి కానీ వేలు పడదంటుంది.

అక్కడున్న రెండో మనిషి ఆర్విల్ టిమ్మర్. నలభై ఒక్కేళ్ళుగా గిటార్ల మెడలు చెక్కుతున్నాడు. వేట అంటే ప్రాణం పెట్టేవాడు, మూడేళ్ళనుంచి మానేశాడు. అడిగితే చలి పడటం లేదంటాడు. మిషిగన్‌లో పుట్టి పెరిగినవాడికి అరవై ఒకటో ఏట హఠాత్తుగా చలి పడకపోవడమేమిటని ఎవరూ తరచి అడగలేదు. ఇప్పుడు కూడా కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో కేకు తింటున్నాడు. కేకు మీద నీలం క్రీముతో '1911 నుంచి ఎప్పటికీ' అని రాసుంది. ఆర్విల్ 'ఎప్పటికీ' వైపునుంచి మొదలుపెట్టాడు.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. లోపమున్న గిటార్‌కి, మెడ చివర తీగలు బిగించే తలకట్టు వెనక ఉక్కు ముద్రతో '2' అని కొడతారు. ముద్ర పడిన గిటార్ ఇక దుకాణం గడప తొక్కదు. రిటైరయ్యే మనిషి ఇంటికి పోతుంది. ఎవరికివ్వాలో చీటీ రాసేది ఇన్‌స్పెక్టరే. వెర్నాకు ముందు ఆ బల్ల ఏలిన ముసలి హార్మ్ మహా దయగలవాడు. రిటైరయ్యేవాడు ఏ గిటార్‌ను చూసి గుటకలు మింగితే, ఆ గిటార్‌లో ఆ పూటే ఏదో ఒక లోపం బయటపడేది. అందుచేత హార్లోలోని గొప్ప గిటార్లన్నీ రెండో రకమే.

వెర్నా వచ్చాక ఆ దానధర్మాలు ఆగిపోయాయి. ఆవిడ ఉన్న లోపాన్ని దాచదు, లేనిదాన్ని పుట్టించదు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ ముద్రను ఎవరూ వేలెత్తి చూపలేదు. సొంత మరిది రిటైరైతే నిజమైన లోపం దొరికేదాకా పదకొండు నెలలు ఆగమంది. ఆయన ఇప్పటికీ క్రిస్మస్ విందులో ఆవిడకి బంగాళాదుంపల గిన్నె అందించడు.

ఆర్విల్ వచ్చే జనవరిలో రిటైరవ్వాల్సింది. వేల మెడలు చెక్కాడు కానీ ఇంట్లో ఒక్క గిటార్ లేదు. కొనాలంటే వెల్డ్‌హోఫ్ గిటార్ ధర వెల్డ్‌హోఫ్ పనివాడి తాహతుకు ఎప్పుడో దాటిపోయింది. ఆ వీడ్కోలు గిటార్ ఒక్కటే ఆశ. ఈలోగా కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. మీరు రిటైరవ్వడం లేదు, మిమ్మల్ని తొలగిస్తున్నాం, తొలగించినవారికి ఆచారం వర్తించదు, మీ సేవలకు సదా కృతజ్ఞులం. కృతజ్ఞతకు గుర్తుగా గిటార్ ఆకారంలో ఒక తాళంచెవుల గొలుసు కూడా పంపారు. దాని వెనక ఏదో దూరదేశం పేరు అచ్చేసి ఉంది.

ఇప్పుడు వెర్నా బల్ల మీద మిగిలింది ఒకే ఒక్క గిటార్, ఫ్యాక్టరీలో తయారైన ఆఖరిది. మెడ ఆర్విల్‌దే. దాన్ని నాష్‌విల్‌లో కొత్తగా కడుతున్న వెల్డ్‌హోఫ్ అనుభవ మందిరంలో అద్దాల పెట్టెలో పెడతారట. గిటార్లు చేసే చోటు మూసేసి, గిటార్లు ఒకప్పుడు చేసేవారని చూపించే చోటు కడుతున్నారన్నమాట. చూడ్డానికి టికెట్టు కూడా ఉంటుందని ట్రెంట్ చెప్పాడు.

"మీరు చెయ్యాల్సింది చిన్నదేనండీ" అన్నాడు ట్రెంట్. "గిటార్‌ని తడమండి, కళ్ళు చెమర్చనివ్వండి, పాస్ అని చీటీ మీద సంతకం పెట్టండి."

"చెమర్చకపోతే?"

"మా దగ్గర చుక్కల మందుంది."

ఆర్విల్ గొంతులో కేకు అడ్డుపడి దగ్గాడు. ట్రెంట్ ఆయనవైపు భక్తిగా తిరిగాడు. "మీరేకదండీ మెడలు చెక్కేది. మూడేళ్ళనుంచి పత్రికలన్నీ మీ మెడల గురించే. ఏడో మెట్టు దగ్గర ఆ సన్నటి నిండుదనం ఉంది చూశారూ, అది అచ్చం 1911 నాటి వెల్డ్‌హోఫ్‌గారి చేతిపనేనని నిపుణులు తేల్చారు. మేం దానికి 'మూలపురుషుడి అరచెయ్యి' అని పేరు పెట్టాం. కొలతలు తీసి విదేశంలో పెట్టిన కొత్త ప్లాంట్‌లో మిషన్లకి ఎక్కించాం. ఇప్పుడు రోజుకి నాలుగొందల మెడల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తోంది."

వెర్నాకు నవ్వు తన్నుకొచ్చింది, చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఆర్విల్ మాత్రం నవ్వలేదు. కేకు పళ్ళెం కింద పెట్టి కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాడు.

కెమెరా దీపం వెలిగింది. వెర్నా గిటార్‌ని ఒళ్ళోకి తీసుకుంది. మేపుల్ చెక్క మంచి చెక్క, తీగలు సరిగ్గా కూర్చున్నాయి, జిగురు ఎక్కడా చిందలేదు. బొటనవేలు మెడ మీద కిందనుంచి పైకి జారి, ఏడో మెట్టు దగ్గర ఆగింది.

ఆగుతుందని ఆవిడకు ముందే తెలుసు. ఇప్పుడు సంతకం పెడితే గిటార్ నాష్‌విల్ పోతుంది, ఆర్విల్ తాళంచెవుల గొలుసు పట్టుకుని ఇంటికి పోతాడు. సంతకం పెట్టకపోతే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే ఆర్విల్ వింటుండగా చెప్పాలి. లోపం చెప్పడానికి ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఇంతసేపు తీసుకోలేదు.

"ఇది పాస్ కాదు" అంది.

ట్రెంట్ చిరునవ్వు చెక్కుచెదరలేదు, జోక్ అనుకున్నాడు. "ఏమైందండీ?"

"ఏడో మెట్టు దగ్గర, లావు తీగ వైపు, మెడ ఉబ్బుంది. ఆఖరి చెక్కుడు పూర్తిగా పడలేదు."

"అదేనండీ మూలపురుషుడి అరచెయ్యి."

"మూలపురుషుడు గీసిన గిటార్ బొమ్మ ఆ గోడ మీదే ఉంది, చూసుకోండి. ఆయన మెడ తిన్నగా ఉంటుంది. ఉబ్బు ఎక్కడా లేదు. ఆయన ఈ గిటార్ చూస్తే పొయ్యిలో పెట్టేవాడు."

ట్రెంట్ గోడ దగ్గరకు పోయి చూశాడు. తిరిగొచ్చేసరికి ఏప్రన్ తాడు వదులు చేసుకున్నాడు. "మేడమ్, పోనీ ఈ ఒక్కదానికీ చూసీచూడనట్టు పొండి. ఎవరికి తెలుస్తుంది?"

వెర్నా అతని వెనకాల వేలాడుతున్న కంపెనీ బ్యానరు చూపించింది. దాని మీద ఆవిడ ఫోటోయే ఉంది, గుమ్మమంత. కింద పెద్దక్షరాలు: 'ఒక్క లోపమూ ఈమెను దాటి పోలేదు.'

"అది రాయించింది మీరే కదా బాబూ. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

ఉక్కు ముద్ర తీసి, తలకట్టు వెనక పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టింది. కెమెరాలో అంతా పడింది. తర్వాత చీటీ తీసుకుని రాసింది: రెండో రకం. ఇవ్వవలసినది: ఆర్విల్ టిమ్మర్.

ట్రెంట్ బయటికెళ్ళి కనెక్టికట్‌కి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో మొహం వెలిగించుకుని వచ్చాడు. రెండో రకాన్ని మందిరంలో పెడితే పరువు పోతుంది కాబట్టి, కొత్త ప్లాంట్‌నుంచి ఒక గిటార్ తెప్పించి, దాని మీదున్న ఆ దేశం పేరు గీకేసి, దాన్నే హార్లో పనివారి చేతిమీదుగా వెలువడిన ఆఖరి గిటార్‌గా పెట్టడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారట. ఈ రెండో రకం ఎవరింటికి పోయినా వాళ్ళకి పట్టదట. కొత్తదానిలో ఏ లోపమూ ఉండదట. ఉబ్బు మాత్రం ఉంటుందట.

"శుభం" అంది వెర్నా.

కెమెరావాళ్ళు మిగిలిన కేకు కూడా సర్దుకుని వెళ్ళిపోయారు. ఆర్విల్ ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. వెర్నా గిటార్‌ని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. అది వణుకుతోంది. ఆ చేత్తోనే మెడ తడిమి, ఏడో మెట్టు దగ్గర ఆపాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటిదాని నుంచి. మూడేళ్ళ కిందటి ఫిబ్రవరి."

"అన్నీ నీ వేలికి తగిలాయా?"

"అన్నీ."

"మరి అప్పుడే ఎందుకు కొట్టలేదే ముద్ర? మరిదికే పదకొండు నెలలు పెట్టినదానివి."

"కొట్టుంటే రెండో రోజుకే నిన్ను పంపేసేవాళ్ళు. ఉద్యోగంతోపాటే వైద్యం ఇన్సూరెన్స్ కూడా పోయేది. ఇవాళైతే ఎలాగూ అందర్నీ పంపేస్తున్నారు కదా, నిజం చెప్పినా పోయేదేముంది?"

ఆర్విల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడు కానీ వాయించలేదు.

"ఆకురాయి ఇటియ్యి, ఆ ఉబ్బు తీసేస్తాను."

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. అది లేకపోతే ఇది నీకు వచ్చేదే కాదు."

ఆయన తల ఊపాడు.

"నీ వేలిని బోల్తా కొట్టించాననుకున్నాను వెర్నా" అన్నాడు. "చెయ్యి పోయినా పనితనం పోలేదు, ఇన్‌స్పెక్టరమ్మ కూడా కనిపెట్టలేకపోతోంది అనుకున్నాను. మూడేళ్ళూ ఆ ఒక్క ధీమాతోనే పొద్దున్నే లేచి వచ్చాను."

వెర్నా ముద్రనూ సుత్తినీ సొరుగులో పెట్టి తాళం వేసింది, తర్వాత ఆ తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక కోటు జేబులో వేసుకుంది.