ఫిడేలు కడుపులో గిలక

మా ఆయన ఫిడేలు కడుపులోని గిలకని మా కుంటికోడి మింగేసింది. తప్పు కోడిది కాదు, నాది.

సెప్టెంబరు నెలాఖరున సాన్ మిగేల్ పండగ వస్తుందనగా ఫిడేలు లోపల దుమ్ము వదిలించడం ఏటా నా పనే. దాని పొట్ట మీదున్న సన్నటి రంధ్రాల్లోంచి గుప్పెడు బియ్యం పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపి, బోర్లించి దులుపుతాను. బియ్యంతో పాటు బూజూ మట్టీ వచ్చేస్తాయి. గిలక మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అది లోపలే దొర్లుతోంది. పెళుసెక్కి ముక్కలైపోతుందని నాకు తట్టలేదు. ఆ బుధవారం నేను కంచె దగ్గర మా అన్నయ్య ఎవెలియోతో కబుర్లాడుతూ బియ్యం దులిపి, చూసుకోకుండా కోళ్ళకి విసిరేశాను. తిరిగి చూసేసరికి కుంటికోడి మెడ సాచి ఏదో గుటకేస్తోంది. దాని ముక్కు చివర గోరులాంటి ముక్కొకటి ఇంకా మెరుస్తోంది.

మా కొండల్లో ఫిడేలు పట్టినవాడెవడైనా దాని కడుపులో గిలక పాము తోక గిలక వేసుకుంటాడు. కోపమొస్తే ఆ పాము తోక ఆడించి గలగలమనిపించేది దాంతోనే, గోరులాంటి ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూర్చినట్టుంటుంది. అది లేని ఫిడేలు మోగుతుంది గానీ మాట్లాడదంటారు. ఆ గిలకని కొనకూడదు, చచ్చిన పాము నుంచి తీయకూడదు. వాయించేవాడే కొండెక్కి, బతికున్న పాముని పట్టి, తన చేత్తో కొన కత్తిరించుకుని, పాముని మళ్ళీ వదిలేయాలి. ఫిదెన్సియో పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ పని చేశాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే పాటలు కట్టేది మా అన్నయ్య. ప్రతి పండగకీ వేదిక ఎక్కి పాడతాడు:

మెత్తని చెయ్యని అనుకోకండి మా బావది,
పాముని అడిగి తోక తెచ్చిన చెయ్యి అది.

అప్పట్లో 'మా బావది' కాదు, 'మా వాడిది' అని పాడేవాడు. ఆ పాట విన్న రోజే నేను మొదటిసారి ఫిదెన్సియో చేతుల వంక చూశాను. ఆ మరుసటి ఏడు పెళ్ళయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను. దాచి ఏం చేస్తాను?

"మింగేసిందా?" అన్నాడు ఫిదెన్సియో. చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"మింగేసింది."

"పదకొండు ఉంగరాలూనా?"

"రెండు దొరికాయి. పొడైపోయాయి."

మా అత్త తియోదోరాకి డెబ్భై నాలుగేళ్ళు. పళ్ళు ఆరు. నవ్వితే ఆరూ కనిపిస్తాయి. "ఇంకేం, ఆదివారం పండగకి ఆ కోడిని చంకలో పెట్టుకుని వాయించరా," అంది. "లోపల గిలక ఉంది కదా, అదే మాట్లాడుతుంది."

"అమ్మా, ఊరుకో."

మా అన్నయ్య చిక్కుడు గింజల గిన్నె తనవైపు లాక్కున్నాడు. "దీనికింత దిగులెందుకు బావా? ముసలమ్మ దవడ ఎక్కు, ఇంకోటి తెచ్చుకో. మీసాలు రాని రోజుల్లోనే తెచ్చిన మొనగాడివి. ఇప్పుడైతే పాములే వరసకట్టి నిలబడతాయి."

ముసలమ్మ దవడ అంటే మా ఊరి వెనక కొండ. పైనంతా విరిగిన పళ్ళలా బండలు.

ఫిదెన్సియో నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం కిందే ఆగిపోయింది. "వెళ్తాను. శుక్రవారం వెళ్తాను," అన్నాడు. రొట్టె తుంచుతూ, నావైపు చూడకుండా, "నువ్వూ రా. నీళ్ళు మోయడానికి," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన నా చేత నీళ్ళు మోయించిన దాఖలా లేదు.

ఆదివారం నాటికి గిలక లేకపోతే ఆయన వేదిక ఎక్కడని నాకు తెలుసు. బోలు ఫిడేలుతో జనం ముందు నిలబడటం కన్నా కాలు విరిగిందని మంచమెక్కడం నయమనుకునే మనిషి. చేసింది నేను. ఎలాగైనా గిలక దొరకాలని ఆ రెండు రాత్రులూ సాన్ మిగేల్‌కి మొక్కుకుంటూనే పడుకున్నాను.

శుక్రవారం పొద్దున నేను రొట్టెలు మూట కడుతుంటే అత్త వచ్చింది. చేతిలో నా భుజమంత ఎత్తున కిత్తనార గెడ. ఎండిపోయి, లోపల గుజ్జంతా తీసేసి గొట్టంలా ఉంది. దాన్ని కొడుక్కివ్వలేదు. నా చేతిలో పెట్టింది.

"పాముకి కావలసింది బొరియ," అంది, పొయ్యిలో పుల్లలు సర్దుతూ. "నువ్వే బొరియ చూపించావనుకో, తల దూర్చేస్తుంది. సగం లోపలికి పోయాక గెడతో పాటు నడుం పట్టుకో. ముందుకీ పోలేదు, వెనక్కీ తిరగలేదు."

"నాకెందుకు చెప్తున్నావత్తా? పట్టేది ఆయన కదా."

"నాకు మాట్లాడే అలవాటు, చెప్తున్నాను. బట్టలు కుట్టే కత్తెర పెట్టుకున్నావా?"

కొండ మొదట్లో నాగజెముళ్ళు, ఆపైన తుమ్మలు, ఆపైన ఇక బండలే. వానలు తగ్గాయి. రాత్రంతా చల్లబడిన రాళ్ళ మీదికి ఎండ అప్పుడే ఎక్కుతోంది. పాములు బయటికొచ్చి ఒళ్ళు వెచ్చబెట్టుకునే వేళ. నేను మేకల కాపరి ఇంట్లో పుట్టాను. ఏ బండ కింద నీడుందో, ఏ సందులోంచి ఎలకలు తిరుగుతాయో చూస్తే చాలు, అక్కడ ఎవరు కాపురముంటారో తెలుస్తుంది. చెవుల్లేని ప్రాణి. మన నడక నేల చెప్తేనే దానికి తెలుస్తుంది. అందుకే మేకల వెనక తిరిగే పిల్లలకి మొదట మెత్తగా అడుగేయడం నేర్పుతారు.

ఫిదెన్సియో పెళ్ళి ఊరేగింపులా నడుస్తున్నాడు. ప్రతి బండనీ కర్రతో మూడేసి దెబ్బలు కొడుతున్నాడు. పైగా గొంతెత్తి పాట.

"కాస్త మెల్లగా నడవవయ్యా."

"పాము ఇంటికి వెళ్తున్నాం. తలుపు కొట్టి వెళ్ళొద్దూ?"

"కొట్టావు సరే. అవి వెనక తలుపులోంచి వెళ్ళిపోతున్నాయి."

మలుపు తిరిగాక దారి మధ్యలో ఒక కుబుసం పడుంది, పొలుసుల అచ్చు చెడకుండా. ఫిదెన్సియో ఒక్క గెంతులో నా వెనక్కొచ్చాడు. ఆయన వేళ్ళు నా భుజంలోకి దిగాయి.

"కుబుసం," అన్నాను.

"తెలుసు. నీకు దారిచ్చాను."

నేను తిరిగి ఆయన మొహం చూశాను. ఉప్పునీళ్ళలో వేసిన జున్నులా తెల్లబడిపోయింది. పై పెదవి మీద చెమట. ఇంత చల్లటి పొద్దున చెమటేమిటి? నేను ముందుకి తిరిగి నడవడం మొదలుపెట్టాను, ఎందుకంటే అప్పటికి నాకు అర్థమైపోయింది. ఈ మనిషి జన్మలో పాముని పట్టి ఉండడు. మరి ఫిడేల్లో గిలక ఎక్కడిది? ఆ సంగతి తర్వాత. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరంతా ఆయనకి కట్టబెట్టిన ధైర్యాన్ని మోస్తూ తిరుగుతున్నాడు పాపం. ఇప్పుడది నా మూలంగా నా కళ్ళముందే కిందపడేలా ఉంది. గిలక దొరకడమే కాదు, అది ఈయన చెయ్యి తేలేదన్న మాట ఈయన నోటితో నా ముందు చెప్పుకునే అవసరం రాకూడదు. అంతే నాకు కావలసింది.

"ఏమయ్యా, రాత్రి నువ్వు సరిగ్గా పడుకోలేదు," అన్నాను. "ఆ తుమ్మ కింద కాసేపు నడుం వాల్చు. నేను పైన మందు ఆకులేవైనా ఉంటే కోసుకొస్తాను."

"నువ్వొక్కదానివే ఎందుకు?"

"ఆకులు కరుస్తాయా?"

ఆయన నా చేతిలోని గెడ వంక చూశాడు. ఆకులకి గెడ ఎందుకని అడగలేదు. టోపీ మొహం మీదికి లాక్కుని పడుకున్నాడు.

పై అరుగు మీద మొదట తల్లి కనిపించింది. ముద్దగా చుట్టుకుని ఉంది, ఒంటి మీద పిల్లలు. జానెడేసి ఉన్నాయి, ఏడో ఎనిమిదో. వాటి తోకలకి ఒక్కటే బొడిపె, ఇంకా చప్పుడు రాదు. అందులో ఒకటి నన్ను చూసి, రాని గిలకని తెగ ఆడించేసింది. నాకు నవ్వొచ్చింది. మా చిన్నది మూడేళ్ళప్పుడు నా మీద కోపమొస్తే అచ్చం ఇలాగే చెయ్యి ఊపేది. "సరేనమ్మా, భయపడ్డాను," అని చెప్పి, ఆ బాలింత జోలికి పోకుండా పక్కకి తప్పుకున్నాను.

ఇంకో రెండు బండలవతల పగులు పక్కన మగది ఉంది. పచ్చటి ఒళ్ళు, తోక మాత్రం మసి పూసినట్టు నలుపు. నా నీడ దానిమీద పడకుండా వెళ్ళి, పగులు నోటికి గెడ అడ్డం పెట్టి, వెనక నుంచి కాలితో నేల తట్టాను. అది గిలక ఎత్తింది. ఫిడేలు లోపల ఇన్నేళ్ళూ నేను విన్నది చిన్న గలగల. ఇది వేడి నూనెలో ఆవాలు వేసినట్టు, ఆగకుండా. అబద్ధమెందుకు, పారిపోదామనిపించింది. అంతలో అది తల తిప్పుకుని, బొరియ ఇదేననుకుని, గెడలోకి జారింది. జానెడు, మూరెడు. పట్టుకున్నాను.

ఒళ్ళు చల్లగా ఉంటుందనుకున్నాను. ఎండకి వెచ్చబడి రొట్టెల మూటలా ఉంది. లోపల కండ నా పిడికిలిని తోస్తోంది. కత్తెరతో చివరి ఐదు ఉంగరాలు కత్తిరించాను. గోరు తీసినట్టే, దానికి నొప్పి లేదు. మిగతావి దానికి ఉంచాను, దాని బతుకు దానికీ కావాలి కదా. గెడని పగులు వైపు వంచి, చెయ్యి వదిలి, నాలుగడుగులు వెనక్కి దూకాను. అది గెడలోంచి పగుల్లోకి, తొందర లేని మనిషిలా వెళ్ళిపోయింది. అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఎక్కువ కాదు, ముక్కు చీదుకునేంత.

కిందికొస్తే ఫిదెన్సియో టోపీ మొహం మీద అలాగే ఉంది. కానీ నిద్రపోయేవాడి పాదాలు వదులుగా పక్కకి వాలతాయి. ఆయనవి బిగుసుకుని నిలబడున్నాయి.

"లే," అన్నాను. "ఇదిగో, ఇక్కడే రాయి పక్కన పడుంది. దేవుడు చూపించాడు."

ఆయన లేచి గిలకని అరచేతిలో పెట్టించుకున్నాడు. తెగిన అంచు తెల్లగా, తాజాగా ఉంది. దాన్నీ, నా చీదిన ముక్కునీ చూశాడు.

"పడుందా?"

"పడుంది."

దిగేటప్పుడు నీళ్ళ సొరబుర్రా, మూటా, గెడా అన్నీ ఆయనే మోశాడు. కర్రతో ఒక్క బండనీ కొట్టలేదు. సగం దారిలో ఆగి, "లిందా, నేనొకటి..." అన్నాడు.

"దాహమేస్తోందా? బుర్ర నీ భుజానే ఉంది."

ఆయన నీళ్ళు తాగాడు. మిగిలిన మాటని కూడా వాటితో పాటే మింగేశాడనుకున్నాను.

ఇంటికొచ్చాక ఫిదెన్సియో ఫిడేలు తీసుకుని లోపలికెళ్ళాడు. అత్త పెరట్లో చిక్కుడు కాయలు వలుస్తోంది. గీరుకుపోయిన నా మోచేతుల వంక చూసింది.

"నిద్రపోయాడా?" అంది మెల్లగా.

"ఊఁ. తుమ్మచెట్టు కింద."

"ఆ చెట్టే. అప్పుడూ అక్కడే నిద్రపోయాడు." ఒక కాయ వలిచి గింజలు గిన్నెలో వేసింది. "వాళ్ళ నాన్న కూడా నిద్రపోయినవాడే. ఆ గెడ మా అత్త నాకిచ్చింది."

నాకు నవ్వాగలేదు. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని, లోపల ఫిడేలు మొదటి తీగ పలికేదాకా నవ్వుతూనే ఉన్నాం. వాయించేవాడి చెయ్యి తేని గిలక మాట్లాడదంటారే! అది మూడు తరాలుగా మాట్లాడుతూనే ఉంది.

ఆదివారం పొద్దు వాలకముందే వేదిక ఎక్కారు. నేనూ అత్తా కింద బల్ల మీద కూర్చుని, మిరపకాయ పచ్చడితో రొట్టెలు తింటున్నాం. అన్నయ్య పాట ఎత్తుకున్నాడు. "మెత్తని చెయ్యని అనుకోకండి..."

ఫిదెన్సియో కమాను ఆపేశాడు. వంగి అన్నయ్య చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. అన్నయ్య కళ్ళు పెద్దవయ్యాయి. గొంతు సవరించుకుని, అక్కడికక్కడే మళ్ళీ కట్టాడు:

మెత్తని చెయ్యే బావది, మేం పొరబడ్డాం,
గట్టి చేతులు అదిగో, బల్ల మీద రొట్టె తింటున్నాయి.

జనం మొత్తం మావైపు తిరిగారు. ఫిదెన్సియో టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ తల దించలేదు. నేను ఇరవై ఏడేళ్ళ కిందట చూసిన చేతులే అవి. ఇప్పుడు టోపీ అంచుని నలిపేస్తున్నాయి. నాకు అంతకన్నా ముద్దొచ్చిన రోజు లేదు.

అత్త నోటినిండా రొట్టె. గబగబా మింగబోయి పొలమారింది. "వెధవ," అంది, కళ్ళమ్మట నీళ్ళతో, "నేను తినేటప్పుడే చెప్పాలా?"

పైన ఫిడేలు మళ్ళీ మొదలైంది.