నాలో నింపిన సముద్రం

నేను టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ బాక్సుని. ఆ ఉదయం టీవీ బల్ల మీద నా పక్కనే సంచి సర్దుతున్నారు. రెండు లుంగీలు, తువ్వాలు, నొప్పుల మందు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను, రత్నం చేసిన జంతికలు. చేపల వేట మీద నిషేధం ముగిసింది. రత్నం మొగుడు ఎల్లాజీ పనిచేసే బోటు ఆ రోజే సముద్రం మీదికి వెళ్తోంది.

నేను ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టాను. నన్ను బిగించిన చేతులు గుర్తున్నాయి, మొహాలు గుర్తులేవు. మొదట కొన్న డాక్టరుగారబ్బాయి కొత్త బాక్సు రాగానే నన్ను మంచం కిందికి తోశాడు. వస్తువులకు వెళ్ళొస్తానని చెప్పే అలవాటు మనుషులకు లేదు. తరవాత విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టు, అక్కణ్ణుంచి జాలరిపేటలో ఈ ఒంటిగది ఇల్లు.

నాతోపాటు రెండు ఆటల డిస్కులు వచ్చాయి. రెండూ అంతు దొరకని లోకాలే. ఆడేవాళ్ళకో మనిషినిస్తారు, వాణ్ణి ఎటైనా తిప్పవచ్చు, ఎలాగైనా పెంచుకోవచ్చు. ఒకటి మంచుకొండల రాజ్యం. రెండోది దీవుల మధ్య ఓడ నడిపే ఆట. నాలో చోటు ఒక్కదానికే ఉంది. నిషేధమున్నన్నాళ్ళూ ఎల్లాజీ కొండలే ఎక్కాడు. రత్నానికి ఓడ కావాలి. జాలర్లలో ఆడవాళ్ళు బోటు మీద కాలు పెట్టరు. మొగుడు వెళ్ళే చోటు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"అక్కడా సముద్రమే, ఇంటికొచ్చినా సముద్రమేనేటే?" అనేవాడు ఎల్లాజీ.

"నీకు ఎగటు పుట్టింది మావా. నాను సూడనేదు కదా."

ఆ ఉదయం కూడా రత్నం ఓడ డిస్కు చేత్తో పట్టుకుని నిలబడింది. "నువ్వెల్లిపోనాక ఎక్కించుకుంతాను" అంది.

"మడిసి గడప దాటినాక ఇల్లు తుడవకూడదని అమ్మ సెప్పనేదేటి? నానుండగానే తుడిసేద్దుం."

మంట పక్కన కూర్చున్న తన కొండమనిషిని ఒకసారి చూసుకుని కొండల ఆటంతా చెరిపేశాడు. "పోనాడెదవ, సలికి సచ్చీవోడు" అని నవ్వాడు. సముద్రం నాలో సగం కూడా నిండకముందే వీధిలోంచి పిలుపు వచ్చింది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రత్నం మొదట్లో ఓడను రాళ్ళకు కొట్టేది. మెల్లగా నేర్చుకుంది. ఒక రోజు తుఫానులో ఓడ మునిగింది. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగేసరికి బయల్దేరిన రేవులోనే ఆటలోని ఆమె మనిషి నిలబడి ఉన్నాడు.

"మునిగినా రేవుకే వచ్చేత్తన్నాడత్తా!"

ఎండుచేపలు ఏరుతున్న అత్త పైడమ్మ తలెత్తింది. "నోర్ముయ్యే! బోటెల్నప్పుడు ఆ మాటంతారా?"

తరవాత వాయుగుండం వచ్చింది. బోట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎల్లాజీ బోటు రాలేదు. ఆడవాళ్ళంతా రేవులో కూర్చుంటే రత్నం ఇంటికొచ్చి నన్ను వెలిగించేది. ఓడను కావాలనే తుఫానులోకి నడిపేది. మునిగేది. రేవులో లేచిన మనిషి మొహం తెరకు దగ్గరగా వచ్చి చూసేది. మళ్ళీ నడిపేది. నాలో మునిగినవాళ్ళంతా లేస్తారు. నన్ను అలాగే చేశారు. బయట అలా జరగదని చెప్పడానికి నాకు నోరివ్వలేదు.

చివరికి పైడమ్మే వచ్చి తీగ పీకింది. "సాలమ్మా. మనోడెల్లింది ఈ సముద్రానికి కాదు."

ఇప్పుడు అటక మీద ఉన్నాను. డిస్కు లోపలే ఉంది. ఉప్పుగాలికి మరలు తుప్పు పట్టాయి.

మైలపల్లి ఎల్లాజీ జూన్ పదిహేనున వేటకు వెళ్ళాడు. ఆ నెలాఖరుకు మిగిలిన బోట్లన్నీ వచ్చాయి. అతను రాలేదు.