యమున వేసిన తాళం

గోదావరిఖనిలోని ఆ సర్కారు బడికి పదకొండు కంప్యూటర్లు వచ్చి ఏడాదయింది. గదికి రంగులు వేశారు, రిబ్బన్ కత్తిరించారు, మిఠాయి పంచారు. ఎర్త్ తీగ మాత్రం వేయలేదు. పైన పటారం, లోన లొటారం. లెక్కలు చెప్పే యమునకే కంప్యూటర్ పాఠం కూడా అంటగట్టారు. మూడో కంప్యూటర్ ముట్టుకుని తొమ్మిదో తరగతి హర్షిణి షాక్ కొట్టి పడిపోయేదాకా ఎర్త్ లేదన్న సంగతి ఆమెకూ తెలియదు. పిల్ల బతికి బయటపడింది గానీ, అది తలుచుకుంటే తన మీద తనకే మండుతుంది.

హర్షిణి తండ్రి గట్టయ్య బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. మర్నాడు బడికొచ్చి, కేకలేమీ వేయకుండా, ఆ గది మెయిన్ స్విచ్ దించి యమున చేతనే దానికి తాళం వేయించాడు.

"మా బాయిల గిదే పద్ధతి మేడం. ఎవలు తాళమేసిన్రో వాళ్లే తియ్యాలె. మేనేజరు చెప్పినా ఇంకోలు ముట్టరు."

ఎర్త్ వేయించమని యమున పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తీగ తానే ఊరికే వేస్తానని గట్టయ్య అంటే, అనుమతి లేకుండా సర్కారు గోడకు మేకు కూడా కొట్టకూడదని హెడ్మాస్టర్ రఘుపతి అడ్డుపడ్డాడు. పిల్లకు షాక్ కొట్టడానికి ఎవరి అనుమతి తీసుకున్నారని యమున అడిగింది.

ఇంతలో జిల్లా నుంచి అధికారి దిగాడు, వెంట ఫొటోగ్రాఫర్. పిల్లలు కంప్యూటర్ల మీద పనిచేస్తున్న ఫొటో కావాలట, లేకపోతే ఆ కంప్యూటర్ పెట్టెలు ఇంకో బడికి పోతాయట. రెండే నిమిషాలని రఘుపతి బతిమాలాడు. ప్రాణం పోవడానికి అంతసేపు కూడా అక్కర్లేదంది యమున. తాళం పగలగొట్టమని ఆయన అటెండర్ ఆగయ్యను పురమాయించాడు. కాలు విరిగేదాకా బాయిలో పనిచేసిన ఆగయ్య సుత్తె కింద పెట్టేశాడు.

"నాతోని కాదు సార్. తాళమేసినామె ఈడ్నే ఉన్నది."

ఫొటో కోసం బెంచీల మీద కూర్చోబెట్టిన పిల్లలు, అందరూ బాయి ఇళ్లలో పుట్టినవాళ్లే, ఎవరూ చెప్పకుండానే లేచి గోడవారకు జరిగారు. యమున తాళంచెవి పట్టుకుని అధికారి ముందు నిలబడింది. 

"తాళం నేనే తీస్త సార్. ముందుగాల మూడోదాని మీద మీరు చెయ్యి పెట్టున్రి. తర్వాత మా పిల్లలు పెడ్తరు."

అధికారి చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. ఇంకో మీటింగ్ ఉందంటూ జీపెక్కాడు.

వారం తిరక్కుండా సర్కారు సామాను వాడనివ్వలేదని యమునకు మెమో వచ్చింది. వెనకే లారీ వచ్చింది. పదకొండు పెట్టెలూ ఎక్కించేశారు. ఇన్నాళ్లు కాపాడుకున్న పిల్లలకు చివరికి ఉత్త బెంచీలే మిగిలాయి. ఎక్కడికని యమున అడిగితే బెల్లంపల్లి దగ్గర బడికన్నాడు డ్రైవర్. అక్కడ ఎర్త్ ఉందా అంటే, ఆ ముచ్చట తనకెవరూ చెప్పలేదన్నాడు.

మెమోకు సంజాయిషీ ఇవాళే ఇవ్వాలని రఘుపతి కాగితం చాపాడు. యమున దాన్ని తిప్పి, వెనకవైపు సెలవు చీటీ రాసి ఆయన చేతిలోనే పెట్టింది. మెయిన్ స్విచ్‌కున్న తాళం ఊడదీసి సంచిలో వేసుకుని, వెళ్లి లారీలో డ్రైవర్ పక్కన కూర్చుంది.