పద్దెనిమిదిన్నర

"పద్దెనిమిదిన్నర," అన్నాడు మల్లేష్, తేమ చూసే మిషన్ మీంచి తల ఎత్తకుండా.

లింగస్వామి కదల్లేదు. "ఇంకోపారి పెట్టు బిడ్డా."

మల్లేష్ గిన్నె గుమ్మరించి, లింగస్వామి చేతిలోని స్టీలు డబ్బాలోంచి మళ్ళీ వడ్లు నింపి మీట నొక్కాడు. మిషన్ కీచుమంది. "పద్దెనిమిదిన్నరే మామా. పదిసార్లు పెట్టినా గదే. పదిహేడు దాటితే కాంటా వెయ్యొద్దని ఆర్డరు."

లింగస్వామి రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. టక్కుమన్న చప్పుడు పక్కన నిలబడ్డ భార్య జానమ్మకు కూడా వినిపించింది.

"ఇనవడ్డదా? తడి గింజ గిట్ల పలుకుతదా? పంటి కింద మెత్తగ నల్గుతది. నలభై ఏండ్ల సంది వడ్లు కొరుకుతున్న."

"నీ పన్ను మాట సర్కారు రాసుకోదు మామా. మిషన్ మాటనే రాస్కుంటది."

గుండ్లబావిగూడెం కొనుగోలు కేంద్రంలో వాళ్ళ వడ్లు పోసి ఆ రోజుకు పద్దెనిమిది రోజులు. రెండున్నర ఎకరాల కౌలు చేను. పగలంతా జానమ్మ కాళ్ళతో వడ్లు తిరగేస్తుంది. లింగస్వామి పొద్దున్నే డబ్బాలో నమూనా పట్టుకుని మల్లేష్ బల్ల ముందు వరసలో నిలబడతాడు. మొదటి వారం ఇరవై రెండు, ఆ తర్వాత ఇరవై, ఆ తర్వాత ఈ పద్దెనిమిదిన్నర. అక్కడికొచ్చి ఆ అంకె మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. నాలుగు రోజులుగా ఎండ కుమ్మరిస్తున్నా దిగడం లేదు.

దిగకపోతే ఏం చేయాలో మాత్రం అందరికీ తెలుసు. సంచికి మూడు కిలోలు తరుగు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాడి కుప్పకు మళ్ళీ మిషన్ పెట్టరు. ఆ పూటే కాంటా, ఆ పూటే లారీ. లారీలన్నీ దివాకర్ సేటు రైస్ మిల్లుకు పోతాయి. చుట్టుపక్కల పన్నెండు కేంద్రాల వడ్లు ఆ మిల్లుకే. కేంద్రం పేరు సహకార సంఘానిదే అయినా మిషన్లు పంపేది సేటు, ఆపరేటర్లకు కూలి ఇచ్చేది సేటు.

"ఒప్పుకో రాదయ్యా," అంది జానమ్మ ఆ పొద్దున. "అందరు ఒప్పుకున్నరు. మొగులు జూడు ఎట్లున్నదో."

"ఎండిన వడ్లకు తడి తరుగు ఎందుకియ్యాలె జానీ? పెట్టమంటే బిచ్చం పెడ్త. దొంగకు తాళం నా చేతుల్తోని ఇయ్య."

డబ్బా మూత బిగించి ఆమె చేతికిచ్చి, ఇంటికి పోయి జొన్న గటక పట్టుకురమ్మన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి గాలి లేచింది. ఆకాశం ఒక్కసారి నల్లబడి వడగళ్ళతో వాన కొట్టింది. కేంద్రంలో తాటిపత్రి పట్టాలు నలభై ఉండాలి, ఉన్నవి ఏడు. జనం అరుస్తూ, సంచులూ చీరలూ దుప్పట్లూ ఏది దొరికితే అది కుప్పల మీద కప్పుతున్నారు. లింగస్వామి చిరిగిన పట్టా ఒక కొస పట్టుకుని కుప్ప చుట్టూ ఉరుకుతున్నాడు. గాలి దాన్ని లాగేస్తుంటే ఒంటి బరువంతా వేసి దాని మీద బోర్లా పడ్డాడు. మళ్ళీ లేవలేదు. జానమ్మ పోయి తిప్పి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లో వడ్లు. నీళ్ళు ఆయన కింద నుంచి వడ్లను కొట్టుకుంటూ మోరీలోకి పోతున్నాయి.

దవాఖానకు తీసుకుపోతే గుండె ఆగిందన్నారు. పాడె మోసిన నలుగురిలో మల్లేష్ ఒకడు.

మూడో రోజు కర్మలో పిట్టకు ముద్ద పెట్టి వచ్చి జానమ్మ గడపలో కూర్చుంది. మిల్లు గుమాస్తా మోటర్ సైకిల్ మీద వచ్చాడు. చెప్పులు విప్పకుండానే నిలబడి అన్నాడు: "సేటు బాధపడ్డడమ్మా. మొలకలొచ్చినా సరే, నీ వడ్లు కొంటనన్నడు. కాకపోతే తరుగు మూడు కాదు, ఐదు. తడిసినయి గద."

జానమ్మ అంతవరకూ ఏడుస్తూనే ఉంది. ఆ మాటతో ఏడుపు ఆగిపోయింది. లోపల ఏదో సలసలా కాగి, అడుగంటి, గట్టిపడింది. "పో," అంది. అతను ఇంకేదో చెప్పబోతే లేచి నిలబడింది. అతను బండి తిప్పుకున్నాడు.

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న ఆమె అక్క బిడ్డ శైలజ మూలన కూర్చుని అంతా వింది. గూట్లో ఉన్న స్టీలు డబ్బా తీసి ఊపి చూసింది. "చిన్నమ్మా, ఇవి ఆ దినం వడ్లేనా? వాన పడకముందటియి?"

"అవు. పొద్దుగాల మిషన్ల పెట్టినంక నా చేతికిచ్చిండు. మూత సుత తియ్యలే."

"ఇప్పుడు గూడ తియ్యకు. నాకియ్యి. వీటిల నిజంగ తేమ ఎంతున్నదో చూసుకొస్త."

శైలజ రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. రైతు కూలీ సంఘం నాయకుడు సైదులు ఇంటి ముందు, ఆ సాయంత్రమే, నలభై మంది చేరారు. సైదులు కూడా కౌలు రైతే. అతని కుప్ప ఇంకా కేంద్రంలోనే ఉంది.

"మా కాలేజి లాబుల వేడి పెట్టె ఉంటది," అని చెప్పింది శైలజ. "నూరు గ్రాముల వడ్లు కచ్చితంగ తూచి ఒక దినమంత దాంట్ల పెట్టినం. నీళ్ళన్ని ఆవిరైపోయినయి. మల్ల తూస్తే ఎనభై ఆరున్నర. పోయినయి పదమూడున్నర. గదే అసలు తేమ. పదిహేడు దాకా కొనాలె. మన బాబాయి వడ్లల్ల పదమూడున్నరే ఉన్నది."

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"మరి మిషన్ ఖరాబైందేమో!"

"ఖరాబైతే ఒకసారి అటు, ఒకసారి ఇటు కొట్టాలె గద?" అన్నాడొక ముసలి రైతు. "అది పదిసార్లు పెడితే పదిసార్లు అదే అంకె చెప్తది. మాట తప్పని మిషన్‌ను అబద్ధమని ఎట్లంటవ్ బిడ్డా?"

"తాతా, మా హాస్టల్ల గోడ గడియారం పది నిమిషాలు ముందుకు నడుస్తది. దినాం గంతే. ఆగదు, తిరగదు. ఒక్క మాట మీదనే ఉంటది. అది చెప్పే టైం నిజమా?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "కాదు."

"ఒక్క మాట మీద ఉండుడు వేరు తాతా, నిజం చెప్పుడు వేరు. వచ్చేటప్పుడు గివే వడ్లు రామన్నపేటల ఇంకో మిల్లుకు పోయే రెండు కేంద్రాలల్ల పెట్టించిన. ఒకటి పదమూడు పాయింట్ రెండు చెప్పింది, ఒకటి పదమూడు పాయింట్ తొమ్మిది. జర అటిటు అయినా నిజం చుట్టే తిరుగుతున్నయి. మన మిషన్ జరగకుండ, బెదరకుండ, అబద్ధం మీద కూసున్నది."

"నేర్పిన సాచ్చెం లెక్క," అంది జానమ్మ. ఐదు రోజుల్లో ఆమె అంత మందిలో మాట్లాడటం అదే మొదలు. "మా నాయిన చెప్పేటోడు. పటేలు పెట్టిన సాచ్చిగాడు ఎన్నిసార్లు అడిగినా ఒక్క తీరుగ చెప్పేటోడంట. నిజం చెప్పేటోడే తడబడేటోడంట."

"కలెక్టరుకు కాయితం ఇద్దాం," అన్నారు ఎవరో.

"ఇద్దాం," అన్నాడు సైదులు. "కాయితం కదిలే లోపల మిగిలిన కుప్పలన్ని మిల్లుకు పోతయి, గా మిషన్ మాయమైతది. ముందుగాల నలుగురిల బయటపెట్టాలె. పట్టపగలు, సేటు ఉండంగనే."

"వదినె ఏమంటవ్?" అని సైదులే అడిగాడు జానమ్మను.

"వాని ముఖం జూడాలె నాకు," అంది జానమ్మ. "గా అంకె అబద్ధమని నలుగురి ముందట తెలిసినప్పుడు వాని ముఖం ఎట్లుంటదో దగ్గర నిలబడి జూడాలె. ఇంకేం వద్దు ఇప్పటికి."

మర్నాడు తొమ్మిదింటికి కేంద్రంలో రెండొందల మంది చేరారు. ఇప్పటికే తరుగు ఇచ్చుకుని వడ్లు అమ్మినవాళ్ళు కూడా వచ్చారు. హమాలీలు సంచులు దించి బల్ల చుట్టూ నిలబడ్డారు. గుమాస్తా ఫోను చేస్తే పావుగంటలో దివాకర్ సేటు తెల్ల కారులో దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏంది లొల్లి?" అన్నాడు. "మిషన్ మీద అనుమానమా? మీ ముందటనే పెడ్తం. మల్లేష్, పెట్టురా."

శైలజ డబ్బా మూత తీసింది. మల్లేష్ గిన్నె నింపాడు. పద్దెనిమిదిన్నర. మళ్ళీ నింపాడు. పద్దెనిమిదిన్నర. మూడోసారీ, నాలుగోసారీ అదే. ప్రతిసారీ సేటు చెయ్యి చాపి జనానికి చూపించాడు, సంతలో కోడెను చూపించినట్టు.

"జూసిన్రా? వెంట్రుకంత తేడా లేదు. గిది పైసలు పోసి కొన్న మాల్. మీ పండ్ల లెక్క ఊగేది కాదు."

"గివే వడ్లు కాలేజిల పదమూడున్నర," అంది శైలజ కాయితం చాపి. "రెండు కేంద్రాలల్ల పదమూడు మీద."

"కాలేజి పోరి వచ్చి నాకు నేర్పుతదా?"

జానమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. సేటు వైపు చూడలేదు. మల్లేష్ ముందు నిలబడింది. మిషన్ మీద, అంకె కనిపించే అద్దం పై సగానికి నల్ల టేపు అంటించి ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"ఇదేంది బిడ్డా?"

మల్లేష్ చెయ్యి అడ్డం పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"మీ మామ పాడె మోసినవ్. బరువున్నడా?"

"అత్తా..."

"మల్లేష్!" అని గద్దించాడు సేటు. "నోరు తెరిస్తే రేపటి సంది పనిల లేవు."

మల్లేష్ గోటితో టేపు కొస లేపి, పీకేశాడు. కింద చిన్న అక్షరాలున్నాయి. శైలజ వంగి చదివింది: ఇంగ్లీషులో మొక్కజొన్న అని. ఆమె ముఖం మారిపోయింది. జనం వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "ఇది వడ్ల మీద లేదు. మక్కల మీద పెట్టి ఉన్నది! ఒక్కో రకం గింజకు ఒక్కో నంబరు ఉంటది. మక్కల నంబరు పెట్టి మన వడ్లు చూస్తున్నరు!"

"సీజన్ మొదలైన నాడే గిట్ల పెట్టిచ్చిండు," అన్నాడు మల్లేష్. "ముట్టొద్దన్నడు. ఇంటికాడ ముసలోళ్ళు ఉన్నరని... నేను ముట్టలే అత్తా. మామ గిన్నిసార్లు పెట్టమన్నా నేను ముట్టలే." మీట రెండుసార్లు నొక్కి వడ్ల నంబరుకు తెచ్చాడు. గిన్నె నింపాడు. మిషన్ కీచుమంది.

"పదమూడున్నర," అని చదివాడు. ఇంకోసారి పెట్టాడు. "పదమూడున్నర."

జానమ్మ అప్పుడు తిరిగి సేటు ముఖం చూసింది. భయమో సిగ్గో ఉంటుందనుకుంది. రెండూ లేవు. విసుగు ఉంది. కాలికి ముల్లు గుచ్చుకున్నవాడి విసుగు. ఫోను చెవికి పెట్టుకుని ఎస్సైతో మాట్లాడుతూ కారు వైపు నడుస్తున్నాడు.

ఆమె చేతులు వాటంతట అవే మిషన్‌ను ఎత్తాయి. తలపైకి లేపింది. కింద బండరాయి ఉంది. జనం "కొట్టు! కొట్టు!" అని అరిచారు.

"చిన్నమ్మా!" శైలజ ఆమె మోచేతులు పట్టుకుంది. "పగలగొడితే వానికే లాభం. వాని దొంగతనానికి మన దగ్గర గిదొక్కటే సాచ్చెం."

జానమ్మ రొప్పుతూ నిలబడింది. లింగస్వామి నోట్లోంచి తను వేలితో తీసిన వడ్లు గుర్తొచ్చాయి. మెల్లగా చేతులు దించి మిషన్‌ను కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. "అయితే దీన్ని ఇయ్య. పెద్ద సారు వచ్చి, అందరి ముందట రాసుకునేదాక ఇయ్య."

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. సేటు ఇచ్చిన దరఖాస్తు ప్రకారం కొనుగోలు కేంద్రం యంత్రం ఎత్తుకుపోయారట, సిబ్బందిని బెదిరించారట. ఎస్సై దొంగ నంబరు మాట వినలేదు.

"అది విచారణల తేలుతది. ముందుగాల మిషన్ ఇయ్యమ్మా."

"రాసియ్యి," అంది జానమ్మ. "మక్కల నంబరు మీద ఉండెనని, వడ్ల మీద పెడితే పదమూడున్నర వచ్చిందని. నలుగురి సంతకాలు తీస్కో. ఇస్త."

"నేను పెడ్త మొదటి సంతకం," అన్నాడు మల్లేష్.

ఎస్సై చుట్టూ చూశాడు. రెండొందల ఫోన్లు తన వైపే ఉన్నాయి. చెమట తుడుచుకుంటూ రాశాడు. మల్లేష్, సైదులు, శైలజ, నలుగురు హమాలీలు సంతకాలు చేశారు. కాయితం ఫొటో తీసుకున్నాక జానమ్మ మిషన్ ఇచ్చింది. మిషన్ ఇచ్చినా ఆమెను వదల్లేదు. వ్యాన్ ఎక్కమన్నారు.

ఆడవాళ్ళు వ్యాన్ ముందు కూర్చున్నారు. "జానమ్మను దించిందాక లేవం!"

జానమ్మ కిటికీ జాలిలోంచి అరిచింది. "లేవుండ్రి! ఈడ కూసుంటే ఏమొస్తది? నన్ను తోల్కపోనియ్యుండ్రి. ఒక్క మిషన్ దొరికింది, వాని మిషన్లు ఇంకా పదకొండున్నయి! అన్ని ఊర్లకు ఫోన్లు చెయ్యుండ్రి, టేపులు పీకమనుండ్రి. మీరు వాని మిల్లుకు నడువుండ్రి!"

సైదులు ఆమె వైపు చూశాడు. జనం వైపు తిరిగాడు. "ట్రాక్టర్లకు ఎత్తుండ్రి వడ్లు!"

స్టేషన్‌లో మూడు గంటలు కూర్చోబెట్టి, సాయంత్రం కోర్టు వేళ దాటకముందే ఆమెను వ్యాన్‌లో రామన్నపేట వైపు బయలుదేరదీశారు. మిల్లు మలుపు దగ్గర వ్యాన్ ఆగింది. జానమ్మ లేచి జాలి పట్టుకుని చూసింది.

రోడ్డు నిండా ట్రాక్టర్లు. తమ ఊరివే కాదు. ఆమె ఎరగని ఊళ్ళవి, ఎరగని ముఖాలు. ఒక్కొక్కటే మిల్లు గేటు ముందుకు వచ్చి ట్రాలీ ఎత్తి వడ్లు గుమ్మరించి పక్కకు తప్పుకుంటోంది. ఇనుప గేటు సగం దాకా వడ్లలో మునిగిపోయింది. లోపల బియ్యం లారీలు, వాటి వెనక తెల్ల కారు. బయటికి దారి లేదు. కుప్ప మీద మోకాళ్ళ లోతు నిలబడి సైదులు అరుస్తున్నాడు. "తొమ్మిది ఊర్లల టేపు ఊడింది! తొమ్మిదింట్ల మక్కల నంబరే! సేటూ, బయటికి రా! తేమ ఎంతున్నదో నువ్వే కొరికి చెప్పు!"

మల్లేష్ పార పట్టుకుని వడ్లు గేటు మీదికి నెడుతున్నాడు. శైలజ గోడెక్కి ఒక్కో ఊరి పేరు పిలుస్తోంది. పిలిచిన ఊరు చేతులెత్తి అరుస్తోంది.

డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి చెయ్యి తీశాడు. "ఎట్ల పోవాలె సార్? సందు లేదు."

ఎస్సై కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. వెనక సీట్లోంచి జానమ్మ అంది.

"మమ్ముల పద్దెనిమిది దినాలు ఎండల ఆగమంటిరి. జర సేపు మీరు ఆగుండ్రి."

అప్పుడే వెనక నుంచి ఇంకో ఊరి ట్రాక్టర్లు వచ్చి వ్యాన్‌ను దాటుకుని ముందుకు పోయాయి.