రత్తమ్మ వద్దన్న దుప్పటి

ఆ పొద్దున ఆకాశం మబ్బేసింది గానీ చినుకు రాల్లేదు. ఫోనొస్తే నరసరావుపేట వృద్ధాశ్రమానికి వెళ్లాను. అక్కడ ఆయాగా చేసే నా భార్య ఆదెమ్మ కదల్లేక మంచాన పడి ఉంది.

"నడుం ఎముక జరిగిందంట అన్నా. ఇక బరువులెత్తే పని చెయ్యగూడదన్నాడు డాక్టరు," అంది ఇంకో ఆయా సైదాబీ. "చెబితే వింటదా? రత్తమ్మ ముసలామెను పత్తి బస్తా అనుకుని ఒక్కతే ఎత్తింది."

కాళ్లు పడిపోయిన రత్తమ్మను దుప్పట్లో పడుకోబెట్టి ఇద్దరు చెరోపక్క పట్టి మోయాలి. రత్తమ్మ ఒప్పుకునేది కాదు. "బతికుండగానే శవాన్ని మోసినట్టు మోస్తారేందే?" అని ఏడ్చేది. అది చూడలేక ఆదెమ్మ రోజూ ఒక్కతే చేతులేసి ఎత్తేది.

"ఎందుకే ఒక్కదానివే ఎత్తావు?" అన్నాను.

"మా అమ్మనైతే ఏడిపించి మోస్తానా?" అంది.

పక్క మంచంలో రత్తమ్మ విన్నది. "నాలుగు తిట్టి మోయాల్సింది గదే, పిచ్చిదానా!" అని చానాసేపు ఏడ్చింది. తర్వాత తనే దుప్పటి తెమ్మంది. సైదాబీ, వంటామె మోస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుంది. ఆదెమ్మ పక్కన కుర్చీలో దించారు.

మధ్యాహ్నం అన్నం, గోంగూర పప్పు తెచ్చారు. ఆదెమ్మ నోటికి ముద్దలందిస్తూ నేనూ తిన్నాను. రత్తమ్మ తల వంచుకుని తింది.